నెట్టు రాజమౌళిది, గుంజలు యుగేందర్‌వి

మరిపెడలో మొదటి మ్యాచి ముప్పావుగంటలో అయిపోయింది. ఇరవై ఐదు–తొమ్మిది, ఇరవై ఐదు–పదకొండు. పొద్దున్నే దేవరుప్పుల దాటి, రెండు గంటల పాటు ట్రాలీ ఆటోలో ఒళ్లు హూనం చేసుకుని వెళ్లినవాళ్లు, పదిన్నర కాకముందే మిర్చి బజ్జీల బండి దగ్గర నిలబడ్డారు.

కెప్టెన్ యుగేందర్ బజ్జీ ముట్టలేదు. మిగతావాళ్లు మాత్రం కప్పు గెలిచినవాళ్లలాగే తిన్నారు. బంతిలో గాలి ఎక్కువైందని రాజమౌళి అన్నాడు. గ్రౌండు తూర్పుకు వాలి ఉందని సాంబయ్య కనిపెట్టాడు. ఎండ సరిగ్గా కళ్లలో కొట్టిందని వెంకట్రాం, అవునవునని అతని బామ్మర్ది. రెండో ఆటకు అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు మారాం కదా, ఎండ వాళ్ల కళ్లలో కొట్టలేదా అని యుగేందర్ అడగబోయి నోరు మూసుకున్నాడు. ఈ మాట పోయినేడు మహబూబాబాద్‌లో అడిగాడు. అంతకు ముందేడు బచ్చన్నపేటలో అడిగాడు. ప్రతిసారీ వాళ్లు కాసేపు ఆలోచించి, అయితే గాలి అయ్యుంటుందని తేల్చారు.

కృష్ణ ఒక్కడే ఏ సాకూ వెతకలేదు. జట్టుకు అతను షూటర్. పైకెగిరి బంతిని అవతలి నేలకేసి కొట్టడం అతని పని. ఇప్పుడతను కుడి భుజం మీద ఐసు ముక్కల సంచి పెట్టుకుని, ఎడమ చేత్తో చాయ్ తాగుతున్నాడు.

తిరిగొచ్చేసరికి ఎండ నడినెత్తి దాటింది. అందరూ దిగి ఇళ్లకు పోయాక, తండాకు చెందిన అమర్‌సింగ్ ఆగాడు. పంతొమ్మిదేళ్లవాడు. రెండేళ్లుగా జట్టుతో పాటు ప్రతి ఊరికీ వస్తున్నాడు. నెట్టు కట్టేది అతనే, నీళ్ల క్యాను మోసేది అతనే. ఆడింది మాత్రం లేదు. జాబితాలో అతని పేరు పక్కన ఎప్పుడూ ‘ఎక్స్‌ట్రా’ అనే ఉంటుంది.

“యుగన్నా, ఒక మాట. వాగవతలోళ్లు పిలుస్తున్రు. భూపాలపల్లికి వాళ్ల దిక్కు ఆడుమంటున్రు. మా నరేశ్‌ను గూడ రమ్మన్నరు.”

“నువ్వేమన్నవ్?”

“శనివారం దాంక ఆగుండ్రి అన్న. పేర్లు పంపుడు ఆ దినమే గద.” బంతుల సంచి యుగేందర్ చేతికిచ్చాడు. “క్యాను మోసుడు నాకు తక్లీఫ్ కాదన్నా. ఒక్కపారన్న లోపటికి పిలుస్తరేమోనని ఎన్నడు బూట్లు ఇప్పకుంట కూసుంట. గదీ తక్లీఫ్.”

అలా అని గొంతు కూడా పెంచకుండా నడుచుకుంటూ వెళ్లిపోయాడు. అరిచి ఉంటే యుగేందర్ కూడా అరిచేవాడు, లెక్క సరిపోయేది.

భూపాలపల్లి పోటీలు మామూలువి కావు. బొగ్గు బాయిల కాలనీ గ్రౌండులో, మూడు జిల్లాల ఊళ్ల జట్లకు పెడుతున్నారు. శనివారం సాయంత్రంలోగా ఎనిమిది పేర్లు, ఆధార్ జిరాక్సులు ఫోనులో పంపాలి. ఆ ఎనిమిదిలో మొదటి ఆరు పేర్లు ఎవరివన్నదే యుగేందర్‌కు వచ్చిన చిక్కు.

ఎందుకు చిక్కో చెప్పాలంటే పదకొండేళ్లు వెనక్కి పోవాలి. ఊళ్లో వాలీబాల్ ఆడదామని అనుకున్నప్పుడు ఎవరి దగ్గరా ఏమీ లేదు. కిరాణా కొట్టు రాజమౌళి నెట్టు కొన్నాడు, ఆ తర్వాత పాతదైనప్పుడల్లా కొత్తది తెచ్చాడు. సాంబయ్య ఊరి పక్క చెలకలో ఒక మూల దున్నకుండా వదిలాడు. పదకొండేళ్లుగా ఆ మూలకు పత్తి గింజ పడలేదు. బయటి ఊళ్లకు పోవడానికి వెంకట్రాం ట్రాలీ కట్టాడు, ఒక్కడే నడపలేనని బామ్మర్దిని తెచ్చాడు. రెండు బోరు కేసింగు పైపులు గుంజలుగా పాతారు. తెచ్చినవాడు ఆడతాడు. ఈ మాట ఎవరూ రాసుకోలేదు, పైకి అనలేదు కూడా. కానీ ఊళ్లో అందరికీ తెలుసు. ఏమీ తేకుండా, ఆట వచ్చినందుకే జట్టులోకి వచ్చినవాడు కృష్ణ ఒక్కడే.

మొదటి మూడేళ్లు గెలిచారు కూడా. ఆ మూడు షీల్డులూ రాజమౌళి కొట్టులో బిస్కెట్ల డబ్బాల పైన ఉన్నాయి. తర్వాత ఎనిమిదేళ్లుగా వయసు ఒక్కటే పెరిగింది. సాంబయ్యకు యాభై రెండు. అతని సర్వీసు నెట్టు దాటితే వాళ్లే చప్పట్లు కొట్టుకుంటారు. రాజమౌళి నెట్టు దగ్గర నిలబడతాడు, ఎగరడు. దండం పెట్టినట్టు రెండు చేతులూ ఎత్తి ఉంచుతాడు, బంతే వచ్చి వాటికి తగలాలి.

సోమవారం నుంచి యుగేందర్ ఇళ్లు తిరగడం మొదలుపెట్టాడు. అతను బోరు మోటార్ల మెకానిక్. ఫిబ్రవరి ఎండలకు యాసంగి వరి నీళ్లడుగుతోంది, రోజుకు మూడు నాలుగు మోటార్లు కాలుతున్నాయి, ఫోను ఆగకుండా మోగుతోంది. ఆ ఫోన్లన్నీ కట్ చేసి, ముందు రాజమౌళి కొట్టుకు పోయాడు.

ఎంతో జాగ్రత్తగా చెప్పాడు. మనం ఆడినంత కాలం ఆడినం, ఇక పోరగాళ్ల మీద జట్టు కట్టుకుంటే రెండేళ్లలో ఊరికి మళ్లీ పేరొస్తది, లేకుంటే ఎగిరి కొట్టే అమర్‌సింగ్‌ను వాగవతలోళ్లు ఎత్తుకపోతరు అన్నాడు. రాజమౌళి అంతా విని, ఎవరికో అరకిలో చక్కెర తూచి, కాగితం మడిచి ఇచ్చి, అప్పుడు అడిగాడు.

“అంటే నెట్టు లోపట ఉంటది, నేను బయట ఉంటనా యుగేందర్?”

“నెట్టు సంగతి గాదు సేటూ, ఆట సంగతి.”

“ఆట సంగతే నేను గూడ చెప్తున్న.”

అక్కడితో ఆ మాట ఆగిపోయింది. సాంబయ్య ఇంతకంటే సూటిగా మాట్లాడాడు. తన పేరు తీసేస్తే వచ్చే వానాకాలం ఆ మూల కూడా దున్ని పత్తి పెడతానన్నాడు, అందులో కోపమేమీ లేదన్నాడు, భూమి భూమే కదా అన్నాడు. వెంకట్రాం అసలు కాదనలేదు. ట్రాలీని శుభ్రంగా కడుగుతూ, పోరగాళ్లు ఆడవలసిందేనని తల ఊపి, కాకపోతే భూపాలపల్లి పోయే రోజు తనకు ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి లోడు ఉండొచ్చని చెప్పాడు. ఉందా అంటే, ఉండొచ్చు. ఏ రోజుకా రోజు చెప్తానన్నాడు.

యుగేందర్‌కు పళ్లు నూరుకోవడం అలవాటైపోయింది. మోటారు పైకి లాగుతూ రైతుల మీద చిరచిరలాడాడు. ఒకాయన, బోరు నాది కాలింది, నీకెందుకయ్యా కోపం అని అడిగాడు.

కృష్ణ దగ్గరికి మంగళవారం సాయంత్రం పోయాడు. అందరికంటే కష్టమైన మాట అక్కడే అనుకుని, దారిలో రెండుసార్లు బండి ఆపుకున్నాడు. ఒకప్పుడు కృష్ణ కొట్టిన బంతికి అవతలి జట్టువాళ్లు తప్పుకునేవారు. యుగేందర్ లిఫ్టర్. బంతిని నెట్టు పక్కన సరిగ్గా లేపి పెట్టేవాడు, కృష్ణ గాల్లోంచి దిగేవాడు. పదకొండేళ్లుగా ఇద్దరిదీ ఒకే ఆట.

కృష్ణ భుజానికి వేడినీళ్ల కాపడం పెట్టుకుంటున్నాడు. యుగేందర్ గొంతు సవరించుకునేలోపే నవ్వాడు.

“చెప్పనీకే వచ్చినవ్ గద. నాల్గేండ్ల కింద్నే వస్తవనుకున్న.”

“నువ్వే అనొచ్చు గదన్నా మరి.”

“నేను పోత అంటే, నువ్వు ఉండుమంటవ్. నాకు ఎరుకనే గద నువ్వు.” కాపడం గుడ్డ తిప్పి పెట్టుకున్నాడు. “అమర్‌సింగ్‌ది కుడి కాలు ముందు పడుతది, అందుకే వానికి కొట్టేటప్పుడు చెయ్యి ఆలస్యమైతది. పంపియ్యి, చెప్త. గానీ వాన్ని చూసినవా ఎన్నడన్న? ఎక్స్‌ట్రా కూసునుడు గాదు, ఆడుడు.”

చూడలేదు. రెండేళ్లలో ఒక్కసారి కూడా చూడలేదు. ఎగురుతాడని తెలుసు, ఎవరో చెబితే విన్నాడు. ఆ సంగతి ఒప్పుకోవడానికి యుగేందర్‌కు సిగ్గేసింది.

బుధవారం తెల్లవారగానే తండాకు పోయాడు. తండా వెనక ఎర్రమట్టి జాగాలో, రెండు కర్రలకు ఎరువు బస్తాల దారాలు పేనిన తాడు కట్టి తండా కుర్రవాళ్లు, వాళ్లతో పాటు ఊరివాళ్లు ఇద్దరు ఆడుతున్నారు. తాడుకు అక్కడక్కడా రంగు గుడ్డ పీలికలు వేలాడుతున్నాయి, బంతి పైనుంచి పోయిందో కింద నుంచి పోయిందో తెలియడానికి. పైనుంచే పోయింది, కాదు కింద నుంచే అన్న గొడవ నిమిషానికొకటి వస్తోంది. ఆ గొడవల మధ్య అమర్‌సింగ్ ఎగిరాడు. కృష్ణన్న చెప్పింది నిజమే, కుడి కాలు ముందు పడింది, చెయ్యి రవ్వంత ఆలస్యమైంది. అయినా బంతి దిగిన చోట మట్టి లేచింది.

యుగేందర్ చూపు మాత్రం అతని మీద ఎక్కువసేపు నిలవలేదు. బంతిని లేపుతున్న నరేశ్ మీద ఆగింది. పొట్టివాడు, ట్రాక్టరు నడుపుతాడు. వచ్చిన బంతి కింద ముందే పోయి నిలబడుతున్నాడు. ముందుకు లేపుతాడని అందరూ అటు చూస్తుంటే, వెనక్కి చూడకుండానే తల మీదుగా వెనక్కి పెడుతున్నాడు. అక్కడ ఒకడు అప్పటికే ఎగిరి ఉంటున్నాడు. ఆ పని చేయాలని యుగేందర్ పదకొండేళ్లు ప్రయత్నించాడు. పది సార్లలో మూడు సార్లు వచ్చేది.

ఎవరినీ పలకరించకుండా బండి స్టార్ట్ చేసి వచ్చేశాడు.

గురువారం సాయంత్రం రాజమౌళి కొట్టు ముందు అందరినీ కూర్చోబెట్టాడు. పోట్లాటకే సిద్ధమై వచ్చాడు. ఎనిమిదేళ్ల ఓటములు ఊరి పేర్లతో సహా కంఠతా పట్టుకుని వచ్చాడు. ఒక్కటీ చెప్పే పని పడలేదు. రాజమౌళే ముందుగా, నువ్వన్నది ఆలోచించినం యుగేందర్, కరెక్టే, ఇగ పోరగాళ్లే ఆడాలె అన్నాడు. సాంబయ్య తల ఊపాడు. వెంకట్రాం, మిర్చి లోడు రద్దయిందని చెప్పాడు.

యుగేందర్‌కు నమ్మబుద్ధి కాలేదు. వాళ్లను లోలోపల తిట్టుకున్న మాటలన్నీ గుర్తొచ్చాయి. జేబులోంచి కాగితం తీసి, సరే పేర్లు రాద్దామన్నాడు.

“నా జాగల మా రాహుల్ ఆడుతడు,” అన్నాడు రాజమౌళి.

రాహుల్ హన్మకొండలో డిగ్రీ చదువుతున్నాడు. ఆ సమయంలో కొట్టు లోపల కూర్చుని ఫోను చూస్తున్నాడు. తన పేరు వినపడి తలెత్తి, నాకెందుకు బాపూ అన్నాడు. బంతి అంటే అతనికి చిన్నప్పటి నుంచీ భయం. కళ్లద్దాలు పగులుతాయని.

“నా దిక్కెల్లి మా పెద్ద బిడ్డ కొడుకున్నడు,” అన్నాడు సాంబయ్య. “బచ్చన్నపేటల ఉంటడు. ఫోను చేస్తే వస్తడు.”

“వానికి ఆడొస్తదా కాకా?”

“నేర్సుకుంటడు. పోరడేనాయె. నువ్వు అడిగింది పోరగాళ్లనే గద.”

వెంకట్రాం తన తమ్ముడి పేరు చెప్పాడు. వెంకట్రాం బామ్మర్ది కాస్త తటపటాయించి, తనకు వయసేం కాలేదని, తన జాగాలో తానే ఉంటానని చెప్పాడు.

యుగేందర్ చేతిలో పెన్ను అలాగే ఆగింది. ఆరు జాగాల్లో నాలుగు నిండిపోయాయి. అందరూ అతని వైపు ఎంతో మంచిగా చూస్తున్నారు, ఇంత పెద్ద త్యాగం చేసినవాళ్లు ఎలా చూస్తారో అలా.

“ఏందే ఇది?” అన్నాడు చివరికి. “ఇది జట్టా, పాసుబుక్కా? తహసీల్ ఆఫీసుల తండ్రి భూమి కొడుకు పేరు మీదికెక్కిచ్చినట్టు విరాసత్ చేస్తున్రా?”

“గంత మాట ఎందుకు?” రాజమౌళి నొచ్చుకున్నాడు. “ఇంట్ల ఉన్న పిల్లలను పెట్టుకోకుంటే బయటోళ్లను పెట్టుకుంటమా?”

“అమర్‌సింగ్ బయటోడా? రెండేండ్లు నీ నెట్టు కట్టింది వాడే సేటూ.”

“కృష్ణ తప్పుకుంటున్నడు గద, ఆ జాగల పెట్టు. నేనేమన్న వద్దంటున్ననా?”

ఎవరికీ కోపం లేదు, అదే యుగేందర్‌ను ఎక్కువ కాల్చింది. కాగితం నాలుగు మడతలు పెట్టి, ఐదో మడత పడక, జేబులో కుక్కుకుని ఇంటికి వచ్చాడు.

భార్య వసంత ఎల్లిపాయలు ఒలుస్తోంది. అతను అన్నానికి కూర్చుని, అన్నం ముట్టకుండా మొత్తం చెప్పాడు. ఎవరు ఏమన్నారో, అమర్‌సింగ్ బూట్ల మాట కూడా, వాళ్ల గొంతులతో సహా చెప్పాడు. నెట్టున్నోడు కొడుకును తెస్తడట, భూమున్నోడు మనుమన్ని తెస్తడట, సిగ్గుండాలె అన్నాడు. అమర్‌సింగ్ ఒక్కణ్ని పెట్టి ఏం చేయాలి, బంతి లేపేవాడు లేకుంటే వాడు గాలిని కొట్టాలా అన్నాడు.

వసంత చివరి పాయ గిన్నెలో వేసింది.

“మరి లేపేది ఎవరు?”

“ఎవరేంది. నేనే.”

“గుంజలు ఎవరియి?”

“ఏ గుంజలు?”

“నెట్టు కట్టే గుంజలు. రెండు కేసింగు పైపులు మన వాకిట్ల పడుండె. మా నాయిన బోరు వేసినప్పుడు మిగిలినయి. నువ్వే తీస్కపోయి పాతినవ్.” ఆమె గిన్నె తీసుకుని లేచింది. “అన్నం తిను, చల్లారుతది.”

యుగేందర్‌కు చాలా కోపం వచ్చింది. తనకు ఆట వచ్చు కాబట్టి కెప్టెన్ అయ్యాడు, పైపుల కోసం కాదు అని చెప్పాడు. వంటింట్లో రోలు చప్పుడు మొదలైంది. కావాలంటే కృష్ణన్నను అడుగు అన్నాడు. రోలు చప్పుడు ఆగలేదు. తండాలో చూసిన నరేశ్ సంగతి అప్పటిదాకా ఆమెకు చెప్పలేదు. చెప్పలేదని ఆ క్షణంలోనే గుర్తొచ్చింది. అన్నం తినేసి చెయ్యి కడుక్కున్నాడు.

శుక్రవారం పొద్దున్నే, మోటార్లు లాగే మూడు కాళ్ల స్టాండు, చైన్ పుల్లీ బండికి కట్టుకుని సాంబయ్య చెలకకు పోయాడు. అమర్‌సింగ్‌కు, నరేశ్‌కు ఫోను చేసి రమ్మన్నాడు. ఎందుకో చెప్పలేదు. మూడు ఫీట్ల లోతున కాంక్రీటుతో పాతిన గుంజలు అంత తేలిగ్గా రాలేదు. స్టాండు వాటి మీద నిలబెట్టి, గొలుసు చుట్టి, మోటారు లాగినట్టే ఒక్కో అంగుళం లాగారు. రెండోది వచ్చేసరికి సాంబయ్య వచ్చాడు. గొయ్యి వైపు, కింద పడున్న గుంజ వైపు చూశాడు.

“ఏం జేస్తున్నవ్‌రా?”

“నాయి నేను తీస్కపోతున్న కాకా. నీ భూమి నీకే. పత్తే పెట్టుకో, మక్కలే పెట్టుకో.”

“ఏడికి?”

“బడికి.”

బడి గ్రౌండు ఎవరిదీ కాదు. హెడ్‌మాస్టరును అడిగితే, పిల్లలు కూడా ఆడుకుంటారంటే పాతుకోండి అన్నాడు. అంతే. ఇంత సులువైన పని పదకొండేళ్లలో ఎవరికీ ఎందుకు తోచలేదో యుగేందర్‌కు అర్థం కాలేదు. ఆ తర్వాత అర్థమైంది. ఎవరిదీ కాని జాగాలో పాతితే జట్టులో ఎవరి జాగా ఏదో తెలియదు కదా. ఆ ఆలోచనకు మళ్లీ పళ్లు నూరుకున్నాడు, ఈసారి తన మీదే.

గుంజలు నిలబెట్టి సిమెంటు పోస్తుండగా నరేశ్ అడిగాడు.

“మల్ల లేపుడు నువ్వే గద అన్నా?”

యుగేందర్ తాపీతో గుంజ చుట్టూ సిమెంటు సర్దాడు. సర్దిన చోటే మళ్లీ సర్దాడు.

“నువ్వే,” అన్నాడు. “ఎనక్కి పెట్టేటప్పుడు మోచెయ్యి జర విప్పుతున్నవ్. అవతలోనికి ముందే తెలుస్తది. మూసుకో.”

నరేశ్ అమర్‌సింగ్ వైపు చూశాడు. అమర్‌సింగ్ సిమెంటు గంప తెస్తానని అటు తిరిగాడు. వాగవతలి ఊరి మాట ముగ్గురిలో ఎవరూ ఎత్తలేదు.

శనివారం మధ్యాహ్నం యుగేందర్ పేర్లు పంపాడు. ఆరుగురూ పొద్దున తాడు మీద ఆడేవాళ్లే, నలుగురు తండావాళ్లు, ఇద్దరు ఊరివాళ్లు. ఏడో పేరు కృష్ణ, ఎక్స్‌ట్రా. ఎనిమిదో పేరు రాయడానికి చాలాసేపు పట్టింది. యుగేందర్, ఎక్స్‌ట్రా. ఆ మాట పేరు పక్కన ఎలా ఉంటుందో ఇన్నాళ్లూ చూడలేదు. పంపాక వసంతకు చూపించాడు. ఆమె చదివి ఫోను తిరిగి ఇచ్చేస్తూ, బూట్లు ఇప్పకుంట కూసో మరి అంది.

ఆ సాయంత్రం బడి గ్రౌండులో గుంజలకు తాడే కట్టి ఆట మొదలుపెట్టారు. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉందని యుగేందర్ మొత్తుకున్నా ఎవరూ వినలేదు. కృష్ణ గీత బయట నిలబడి, కాలు, కాలు అని అమర్‌సింగ్ మీద అరుస్తున్నాడు. పావుగంట గడిచేసరికి రాజమౌళి వచ్చాడు, భుజం మీద నెట్టు చుట్ట. వెనక సాంబయ్య, వెంకట్రాం. ముగ్గురి మొహాలూ మాడిపోయి ఉన్నాయి.

రాజమౌళి తాడు కింద నిలబడి, దానికి కట్టిన పీలికలను ఒక్కొక్కటే చూశాడు.

“గీ తాడు మీద నేర్సుకోని పోతే భూపాలపల్లిల నవ్వుతరు,” అన్నాడు. ఇంకెవరినీ ముట్టనివ్వకుండా తానే తాడు విప్పి, నెట్టు కట్టాడు. బిగువు చూశాడు, ఒక ముడి విప్పి మళ్లీ వేశాడు. కట్టడం అయ్యాక, అలవాటు కొద్దీ, తన పాత చోట నిలబడి రెండు చేతులూ ఎత్తాడు.

కుర్రవాళ్లు ఆట ఆపేసి యుగేందర్ వైపు చూశారు.

“సేటూ, జర బయటికి రా,” అన్నాడు యుగేందర్.

“నువ్వు గూడ లోపట్నే ఉన్నవ్ గద.”

యుగేందర్ కిందికి చూసుకున్నాడు. నిజమే. నరేశ్ పక్కనే, నెట్టుకు రెండడుగుల దూరంలో, బంతి లేపేవాడు నిలబడే చోటే నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చి నిలబడ్డాడో తెలియలేదు. గీత దాటి బయటికి నడిచాడు. నాలుగడుగులే. రాజమౌళి ఇంకాసేపు చేతులు ఎత్తే ఉంచి, తర్వాత దించి, అతని వెనకే వచ్చాడు.

నరేశ్ బంతి లేపాడు, మోచెయ్యి మూసే ఉంచాడు. అమర్‌సింగ్ కొట్టిన దెబ్బకు బంతి అవతలి గీత లోపల పడి, ఎగిరి, బడి గోడ దాటి మక్క చేనులో పడింది.

“యుగన్నా, బంతి,” అన్నాడు అమర్‌సింగ్, అటే చూస్తూ.

యుగేందర్ గోడ ఎక్కాడు. ఇన్నేళ్లలో తాను బంతి తేవడం ఇదే మొదటిసారని గోడ మీద ఉండగా తోచింది. కింద సాంబయ్య గ్రౌండు పడమరకు వాలిందని వెంకట్రాంకు చెబుతున్నాడు. రాజమౌళి గోడ దగ్గరికి వచ్చి, అటు దూకబోతున్న యుగేందర్‌ను ఆపాడు.

“బంతి దొరుకంగనే జర ఒత్తి చూడు,” అన్నాడు. “గాలి ఎక్కువున్నట్టున్నది.”